కార్బన్ ఫైబర్ భాగాలకు అచ్చు తయారీ: కొలతల నిర్ణయం నుంచి తొలి భాగం ఊడివచ్చే వరకు

కార్బన్ ఫైబర్ భాగం ఎలా వస్తుందన్నది గుడ్డ పరచకముందే, దాన్ని పట్టి గట్టిపడే జిగురు ద్రవమైన రెసిన్ కలపకముందే చాలావరకు తేలిపోతుంది. అచ్చు మీది ప్రతి గీతా, ప్రతి సొట్టా భాగం మీదికి దిగుతుంది. వేడికి అచ్చు ఎంత సాగితే భాగం కొలత అంత మారుతుంది. అచ్చును వదిలి రాని భాగం ఎంత దృఢమైనదైనా వృథాయే. అచ్చును రూపొందించేవారు ఆకారం కంటే ముందు వేడి గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. ఈ అచ్చు ఎన్ని డిగ్రీల దగ్గర పనిచేయాలో తెలిస్తే నమూనాకు ఏ పదార్థం వాడాలి, అచ్చుకు ఏ రెసిన్ కావాలి, వెనుక చట్రం ఎలా ఉండాలి అనే నిర్ణయాలు దాని వెంటే వస్తాయి.

ఈ మార్గదర్శి ప్రధానంగా ఒక నమూనాను తయారుచేసి, దాని మీద గ్లాస్ ఫైబర్‌తో, ఎపాక్సీ అనే రెసిన్‌తో అచ్చు తీసే పద్ధతిని వివరిస్తుంది. ఓ మోస్తరు వర్క్‌షాపులో చేయగలిగేది అదే. కార్బన్ అచ్చు, లోహపు అచ్చు ఎక్కడ తప్పనిసరి అవుతాయో సందర్భాన్ని బట్టి చెబుతాను.

మొదటి దశ: ఉష్ణోగ్రతను, దాని పర్యవసానాలను లెక్కగట్టడం

చేతితో రెసిన్ పూసి చేసే భాగాలు, వ్యాక్యూమ్‌తో రెసిన్‌ను లాగించే ఇన్‌ఫ్యూజన్ పద్ధతిలో చేసే భాగాలు సాధారణంగా గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడతాయి. తర్వాత వాటిని 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి పూర్తి బలానికి తెస్తారు. రెసిన్ గట్టిపడటాన్ని క్యూర్ అనీ, తర్వాతి ఈ వేడిని పోస్ట్‌క్యూర్ అనీ అంటారు. ముందే రెసిన్ పట్టించిన ప్రీప్రెగ్ గుడ్డల్లో చాలా రకాలకు 80 నుంచి 120 డిగ్రీలు కావాలి. విమాన భాగాల ప్రీప్రెగ్‌లకు 180 డిగ్రీలు మామూలే.

ఈ వేడిలో అచ్చు వ్యాకోచిస్తుంది. భాగం మాత్రం అచ్చు వ్యాకోచించి ఉన్న కొలతలోనే గట్టిపడి, చల్లారేటప్పుడు తన దారిన తాను అతి కొద్దిగా సంకోచిస్తుంది. అల్యూమినియం డిగ్రీకి ఒక మీటరు పొడవులో సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. ఉక్కు సుమారు 12, గ్లాస్–ఎపాక్సీ లామినేట్ (రెసిన్‌తో ఒకటిగా గట్టిపడిన గుడ్డ పొరలు) సుమారు 12 నుంచి 16 మైక్రాన్లు పెరుగుతాయి. పలు దిశల్లో పోగులు ఉన్న కార్బన్–ఎపాక్సీ లామినేట్ పెరుగుదల ఇంచుమించు 3 మైక్రాన్లకు లోపే. దీన్ని లెక్కవేసి చూస్తే, మీటరు పొడవున్న అల్యూమినియం అచ్చు 20 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు వెళ్లేసరికి 2.3 మి.మీ. పెరుగుతుంది, 180 డిగ్రీల దగ్గర అది దాదాపు 3.7 మి.మీ. అవుతుంది. బోల్టు రంధ్రాలు కలవవలసిన భాగంలో ఈ తేడా క్షమించదగినది కాదు. అల్యూమినియం తప్పనిసరైతే గది ఉష్ణోగ్రతలో అచ్చును ఆ మేరకు చిన్నదిగా కోయించుకోవాలి.

కొలత మారడం ఒక్కటే సమస్య కాదు. గుంతలా ఉన్న లోహపు అచ్చు చల్లారేటప్పుడు లోపలి భాగాన్ని అన్ని వైపుల నుంచీ బిగించి పట్టుకుంటుంది. అదే గుణం గొట్టాల తయారీలో వరమవుతుంది: అల్యూమినియం కడ్డీ మీద చుట్టిన కార్బన్ గొట్టం ఓవెన్‌లోంచి తీశాక, కడ్డీ సన్నబడటంతో తేలిగ్గా జారివస్తుంది. వేడిలో కొలత నిలవాలి, వేల భాగాలు తీయాలి అనే చోట ఇన్వార్ అనే ఇనుము–నికెల్ మిశ్రలోహాన్ని వాడతారు. సుమారు 36 శాతం నికెల్ ఉండే ఈ లోహం గది ఉష్ణోగ్రత పరిసరాల్లో డిగ్రీకి మీటరుకు ఒకటి రెండు మైక్రాన్లకు మించి కదలదు. దీన్ని కనుగొన్న షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఖరీదు, బరువు, కోయడంలోని కష్టం కారణంగా పెద్ద విమాన భాగాల తయారీకి తప్ప దాని అవసరం రాదు. మిగిలినవారికి, 100 డిగ్రీలు దాటి కొలత నిలవాలంటే కార్బన్‌తోనే అచ్చు చేయడం సరైన దారి.

అచ్చుకు వాడే రెసిన్ విషయంలో చూడవలసినది గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, అంటే గట్టిపడిన రెసిన్ మెత్తబడటం మొదలయ్యే స్థాయి. అచ్చు పనిచేయబోయే ఉష్ణోగ్రత కంటే ఇది కనీసం 20, 30 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. రెసిన్ డబ్బా మీద రాసిన విలువ పూర్తిగా పోస్ట్‌క్యూర్ చేసిన తర్వాతి విలువ అనీ, గది ఉష్ణోగ్రతలో గట్టిపడి ఊరుకున్న రెసిన్‌కు అది వర్తించదనీ గుర్తుంచుకోవాలి.

వేడికి సంబంధించి ఇంకొక లెక్క మూలలది. లంబకోణంలో వంగిన కార్బన్ భాగం వేడిలో గట్టిపడి చల్లారాక సాధారణంగా ఒకటి రెండు డిగ్రీలు లోపలికి ముడుచుకుంటుంది. పోగుల దిశలో దాదాపు సంకోచం లేకపోగా, మందం దిశలో రెసిన్ గణనీయంగా సంకోచించడమే ఇందుకు కారణం. దాన్ని ముందే ఊహించి అచ్చులో ఆ కోణాన్ని 91 డిగ్రీలకో, 91.5 డిగ్రీలకో తెరిచి ఉంచుతారు. ఎంత తెరవాలన్నది పొరల అమరిక, రెసిన్ రకం, మూల వ్యాసార్ధం మీద ఆధారపడుతుంది కాబట్టి, అదే అమరికతో చిన్న మూల ముక్కను చేసి కొలవడం ఉత్తమం.

రెండో దశ: ఆకారం

భాగంలో అచ్చును తాకే ముఖమే నునుపుగా వస్తుంది. రెండో ముఖం మీద, గాలి లాగేసి పొరలను నొక్కడానికి కప్పే వ్యాక్యూమ్ బ్యాగ్ ముడతలు, గుడ్డ గరుకుదనం ఉంటాయి. కనిపించే ముఖం బయటిదైతే గుంత అచ్చు, లోపలిదైతే ఉబ్బు అచ్చు కావాలి. ఫార్ములా 1లో ఈ తేడాకు మంచి ఉదాహరణ ఉంది. 1981 నాటి మెక్‌లారెన్ ఎం.పి.4/1 కార్బన్ చాసిస్‌ను ఉబ్బు అచ్చు మీద పొరలు పరచి చేశారు. బయటి ముఖం చూపించడానికి వీలులేక దాని మీద వేరుగా బాడీ అమర్చారు. 1983 నాటి ఎ.టి.ఎస్. డి6 చాసిస్‌ను గుంత అచ్చులో తీయడంతో చాసిస్ గోడే కారు వెలుపలి రూపమైంది. ఉబ్బు అచ్చు చేయడం సులభమే గానీ, వ్యాక్యూమ్ బ్యాగ్ కింద బయటి మూలల్లో గుడ్డ పలచబడి, పొరల మందంలోని చిన్న తేడాలన్నీ బయటి కొలతలోకి చేరతాయి. కాబట్టి అమరిక ఏ ముఖం మీద ఆధారపడుతుందో కూడా చూసి నిర్ణయించాలి.

తర్వాత డ్రాఫ్ట్, అంటే నిలువు గోడలకు ఇచ్చే వాలు. మొత్తం నిలువుగా ఉన్న గోడ నుంచి భాగం ఊడదు. 2 నుంచి 3 డిగ్రీలు కనీసమని పెట్టుకోవాలి. లోతు ఎక్కువైతే, లేదా గోడ మీద గరుకు ముద్ర ఉంటే 5 డిగ్రీలు ఇవ్వాలి. 100 మి.మీ. లోతున్న గోడకు 2 డిగ్రీల వాలు ఇస్తే పైఅంచు ఒక్కో వైపు సుమారు 3.5 మి.మీ. బయటికి జరుగుతుంది. రూపకర్తలు అభ్యంతరం చెప్పేది ఈ కొలత చూసే. వాలు ఇవ్వడం కుదరని చోట అచ్చును రెండుగా చీల్చాలి తప్ప, మైనం ఎక్కువ పూస్తే వస్తుందిలే అనుకోకూడదు.

లోపలి మూలలకు వ్యాసార్ధం తప్పనిసరి. కార్బన్ గుడ్డ పదునైన లోపలి మూలలోకి దిగదు. మూలకు అడ్డంగా బిగుసుకుని, దాని వెనుక రెసిన్ మడుగో, గాలి బుడగో మిగులుతుంది. భాగం బయటికి వచ్చాక ఆ అంచే మొదట పెచ్చులూడుతుంది. 3 మి.మీ. వ్యాసార్ధాన్ని కనీసంగా, 5 మి.మీ. పైన సౌకర్యంగా భావించవచ్చు. బరువైన గుడ్డకూ, ఎక్కువ పొరలకూ ఇంకా పెంచాలి.

అచ్చు చుట్టూ ఫ్లాంజ్, అంటే చదునైన అంచు వదలాలి. సీలెంట్ టేపు, రెసిన్ పైపులు, వ్యాక్యూమ్ పైపు, బ్యాగ్ మడతలు అన్నీ దాని మీదే కూర్చోవాలి కాబట్టి 100 నుంచి 150 మి.మీ. వెడల్పు ఉంచడం మంచిది. ఫ్లాంజ్‌లో పొదుపు చేసిన అచ్చు ప్రతి భాగానికీ శ్రమ పెంచుతుంది. భాగాన్ని కత్తిరించవలసిన గీతను నమూనా మీదే సన్నగా గీస్తే అది అచ్చు మీదికీ, అక్కడి నుంచి ప్రతి భాగం మీదికీ చేరుతుంది. రంధ్రాల కేంద్రాలను కూడా ఇలాగే గుర్తించవచ్చు.

ఆకారంలో ఎక్కడైనా లోపలికి తిరిగిన వంపు ఉంటే భాగం ఒకే ముక్క అచ్చులోంచి రాదు. అప్పుడు పార్టింగ్ లైన్ కావాలి. బయటికి అత్యధికంగా ఉబ్బిన రేఖ వెంట అది సాగాలి. నమూనా మీద నిలువు వెలుతురు పడేలా దీపం పెట్టి, వెలుగు నీడల సరిహద్దును పెన్సిలుతో గుర్తిస్తే ఆ రేఖ దాదాపు సరిగ్గా దొరుకుతుంది. కంప్యూటర్ నమూనా ఉంటే డ్రాఫ్ట్ విశ్లేషణే ఈ పని చేస్తుంది. కనిపించే ముఖం మధ్యలోంచి కాక, ఏదైనా అంచు వెంట పార్టింగ్ లైన్‌ను నడిపించగలిగితే తర్వాత రుద్దే పని తగ్గుతుంది.

మూడో దశ: నమూనా

నమూనాను చాలామంది ప్లగ్ అంటారు. కాలం, ఓపిక ఎక్కువగా ఖర్చు కావలసింది ఇక్కడే. కంప్యూటర్ నడిపే సి.ఎన్.సి. కోత యంత్రం అందుబాటులో ఉంటే పాలీయురేథేన్ లేదా ఎపాక్సీ టూలింగ్ బోర్డు మంచి ఎంపిక: సాంద్రత సమానంగా ఉంటుంది, తేమకు ఉబ్బదు. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును అదిమి చేసిన పలక) చౌక, కానీ తేమ పీలుస్తుంది. దాని కోసిన అంచులు ముఖం కంటే ఎక్కువగా పీలుస్తాయి కాబట్టి ఎపాక్సీతో రెండు మూడు సార్లు సీల్ చేయాలి. పాలీస్టైరీన్ ఫోమ్ పెద్ద ఆకారాలకు తేలిక, అయితే పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది. నేరుగా ఎపాక్సీ మాత్రమే వేయాలి. త్రీడీ ప్రింటులో వాడే పి.ఎల్.ఎ. ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది గనుక దాని మీద అచ్చును వేడిచేసే ఆలోచన పెట్టుకోకూడదు. ప్రింటు పొరల మధ్య గాలి చొరబడుతుంది కాబట్టి దానికీ ఎపాక్సీ పూత తప్పదు.

వేడి లెక్క ఇక్కడ మళ్లీ వస్తుంది. అచ్చు మొదటిసారి గట్టిపడేది నమూనా మీదే. నమూనా ఎంత వేడిని ఓర్చుకోగలదో, తొలి క్యూర్ అంతకు లోపే ముగియాలి. కార్బన్ అచ్చుల కోసం ప్రత్యేకంగా చేసిన టూలింగ్ ప్రీప్రెగ్‌లు 50, 60 డిగ్రీల దగ్గరే మొదట గట్టిపడి, నమూనా నుంచి విడదీసిన తర్వాత అంచెలంచెలుగా 180 డిగ్రీల దాకా తీసుకెళ్లడానికి వీలుగా ఉండటం ఇందుకే.

ఉపరితలాన్ని తీర్చడానికి మొదట ఫిల్లర్‌తో గుంతలు పూడ్చి, పొడవాటి చెక్కకు చుట్టిన ఉప్పుకాగితంతో రుద్దాలి. చేతివేళ్లతో పట్టుకుని రుద్దితే అలలు ఏర్పడతాయి. అవి పాలిష్ పట్టేదాకా కంటికి కనిపించవు. ఆపైన ప్యాటర్న్ కోటు లేదా హైబిల్డ్ ప్రైమర్ చల్లి, అది పూర్తిగా ఆరాక 240 నంబరు కాగితంతో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1200 వరకు నీటితో తడి రుద్దుడు సాగించాలి. నంబర్ల మధ్య గెంతకూడదు. ముందటి కాగితం గీతలు పూర్తిగా పోయాయని తేలాకే తర్వాతి నంబరుకు వెళ్లాలి. ప్రతిసారీ రుద్దే దిశను అడ్డంగా మారిస్తే పాత గీతలు తేలిగ్గా బయటపడతాయి. చివర పాలిషింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టి, ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని ఆ ఉపరితలంలో చూస్తూ కదలండి: ప్రతిబింబం వంకర తిరిగిన ప్రతి చోటా ఒక అల ఉన్నట్టే. సిలికోన్ కలిసిన పాలిష్‌లను ఆ గదిలోకే రానివ్వకూడదు. సిలికోన్ ఆనవాలు ఉన్న చోట, అచ్చు ముఖంగా మొదట వేసే రెసిన్ పూత అయిన జెల్‌కోట్ చేపకళ్లలాంటి గుంతలు వేస్తుంది.

నాలుగో దశ: ఊడివచ్చే ఏర్పాటు

రిలీజ్ ఏజెంట్లు ప్రధానంగా రెండు రకాలు. కార్నోబా మైనం మొదటిది: పలుచగా రాసి, ఆరాక శుభ్రమైన గుడ్డతో మెరిసేదాకా తుడవాలి; కొత్త నమూనాకు 5, 6 పూతలు, ఒక్కోదానికి మధ్య కనీసం గంట విరామం అవసరం. దాని మీద పి.వి.ఎ. అనే నీటిలో కరిగే ద్రవాన్ని చల్లితే ఆరి పలుచని పొర ఏర్పడుతుంది. మెరుపు కొంత తగ్గినా తొలి అచ్చు విడిపోవడానికి అది గట్టి భరోసా. రెండోది రసాయనికంగా ఉపరితలానికి అంటుకుని ఉండే సెమీ పర్మనెంట్ రకం. తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ తుడవడంలో దాని తయారీదారు చెప్పిన విరామాలను తు.చ. తప్పక పాటించాలి. మైనాన్నీ దీన్నీ ఒకే ఉపరితలం మీద కలపకూడదు. పూత పడిందో లేదో తెలుసుకోవడానికి మాస్కింగ్ టేపు ముక్కను అంటించి లాగి చూడవచ్చు. పట్టు లేకుండా ఊడితే పూత కుదిరినట్టు, ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ మళ్లీ పూయాలి.

రెండు ముక్కల అచ్చయితే, పార్టింగ్ లైన్ వెంట మెలమైన్ అద్దిన బోర్డుతో తాత్కాలిక ఫ్లాంజ్ నిలబెట్టి, నమూనాకూ బోర్డుకూ మధ్య సందును నూనె లేని మోడలింగ్ మైనంతో పూడ్చి, చెక్క పుల్లతో పదునుగా తీర్చాలి. ఆ అంచు ఎంత పదునుగా ఉంటే భాగం మీది అతుకు గీత అంత సన్నగా వస్తుంది. రెండు సగాలు ప్రతిసారీ ఒకే చోట కూర్చోవడానికి బోర్డు మీద అర్ధగోళపు గుబ్బలను అమర్చాలి. మొదటి సగం గట్టిపడ్డాక బోర్డు తీసేసి, నమూనాను కదల్చకుండా, బయటపడిన ఫ్లాంజ్‌కు రిలీజ్ పూసి, రెండో సగం వేయాలి. బోల్టు రంధ్రాలను రెండు సగాలూ నమూనా మీదే కలిసి ఉండగా తొలచాలి; విడదీశాక తొలిస్తే అవి ఎప్పటికీ కలవవు.

ఐదో దశ: జెల్‌కోట్

భాగానికి మెరుపు ఇచ్చేదీ, గీతలను తట్టుకునేదీ టూలింగ్ జెల్‌కోట్. ఎపాక్సీతో పొరలు వేయబోతే ఎపాక్సీ జెల్‌కోటే మేలు. పాలియెస్టర్ జెల్‌కోట్ మీద ఎపాక్సీ సరిగ్గా పట్టకపోవచ్చు, పైగా 100 డిగ్రీల దరిదాపుల్లో అది నమ్మదగినది కాదు. గది 18 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ తక్కువగా ఉండాలి. ఎపాక్సీలో హార్డెనర్ పాలు తూకం ప్రకారమే కలపాలి. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే మిగిలిపోయిన హార్డెనర్ లోపలే ఉండి బలం తగ్గిస్తుంది. పాలియెస్టర్, వినైల్ ఎస్టర్ వాడేవారికి ఉత్ప్రేరకం మోతాదులో 1 నుంచి 2 శాతం వరకు స్వేచ్ఛ ఉంది. అయితే వారు మరువకూడనిది ఒకటి: ఎం.ఇ.కె.పి. ఉత్ప్రేరకాన్నీ కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ నేరుగా ఒకదానితో ఒకటి కలపకూడదు, కలిపితే మంటకో, పేలుడుకో దారితీస్తుంది. కంటి అద్దాలు, నైట్రైల్ చేతితొడుగులు, సేంద్రియ ఆవిరులను ఆపే మాస్కు ఈ దశ నుంచి చివరిదాకా అవసరం. ఎపాక్సీ ఒంటికి పదేపదే తగిలితే ఒకనాటికి శాశ్వతమైన అలర్జీ పుట్టవచ్చు.

జెల్‌కోట్‌ను బ్రష్‌తో రెండు పూతలుగా, మొత్తం 0.6 నుంచి 0.8 మి.మీ. మందం వచ్చేలా వేయాలి. చదరపు మీటరుకు అర మిల్లీమీటరు పూతకు ఇంచుమించు 600 గ్రాములు పడుతుంది కాబట్టి ముందే తూచి పెట్టుకోవచ్చు. రెండో పూత ఎప్పుడు వేయాలన్నది గడియారం కంటే వేలు బాగా చెబుతుంది: తొడుగు వేసుకున్న వేలితో తాకితే జిగటగా ఉండాలి, కానీ వేలికి అంటుకుని రాకూడదు. అంతకు ముందు వేస్తే మొదటి పూత చెదురుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక వేస్తే రెండూ అతకవు.

ఆరో దశ: పొరలు పరచడం

రెండో జెల్‌కోట్ అదే జిగట స్థితికి రాగానే, లోపలి మూలలన్నిటిలో కొల్లాయిడల్ సిలికా, తరిగిన గ్లాస్ పోగులు కలిపిన చిక్కటి ఎపాక్సీని నింపి గుండ్రం చేయాలి. ఈ చిన్న పని వదిలేస్తే జెల్‌కోట్ వెనుక గాలి గూడు మిగిలి, నాలుగైదు భాగాలు తీసేసరికి అచ్చు అంచు పెళ్లలుగా రాలుతుంది.

మొదట చదరపు మీటరుకు 100 నుంచి 200 గ్రాముల పలుచని గ్లాస్ గుడ్డ రెండు పొరలు వేయాలి. పలుచని గుడ్డ మూలల్లోకి ఒదుగుతుంది, దాని నేత ముద్ర జెల్‌కోట్ గుండా ఉపరితలం మీద తేలదు. తర్వాత 300 గ్రాములవి రెండు, 600 గ్రాములవి ఆరు, మళ్లీ 300వి రెండు, చివర పలుచనివి రెండు వేస్తే మందం సుమారు 6 మి.మీ. వస్తుంది. చిన్న అచ్చుకు ఇది చాలు. పెద్దదానికి 600 పొరలు పెంచాలి. మధ్య తలానికి ఇరువైపులా అమరిక అద్దంలో ప్రతిబింబంలా సమంగా ఉండటం ఇక్కడి కీలకం. అమరిక సమంగా లేని లామినేట్ వేడి తగలగానే మెలి తిరుగుతుంది. గుడ్డలను 0–90, 45 డిగ్రీల దిశల్లో మార్చి మార్చి పరచాలి. ఒక పొర అతుకు మీద మరో పొర అతుకు రాకూడదు. గ్లాస్ మ్యాట్ చౌక అని వాడబోయేవారు దానిలోని బంధకం సాధారణంగా స్టైరీన్‌లోనే కరుగుతుందని తెలుసుకోవాలి. ఎపాక్సీతో అది మెత్తబడక, వంపుల దగ్గర లేచి నిలబడుతుంది.

మొత్తం మందాన్ని ఒకే ఊపులో వేయకూడదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. మందమైన పొర ఆ వేడిని బయటికి వదలలేక కాగిపోయి, నమూనాను వంచవచ్చు, జెల్‌కోట్‌ను లాగి పగలగొట్టవచ్చు. నాలుగైదు పొరల తర్వాత పీల్ ప్లై, అంటే గట్టిపడ్డాక లాగేసే గుడ్డ, పరచి ఆపాలి. మర్నాడు దాన్ని లాగేస్తే, గట్టిపడిన ఎపాక్సీ మీద తేమవల్ల ఏర్పడే మైనంలాంటి అమైన్ పొర కూడా దానితోనే పోయి, రుద్దే పని లేకుండా తర్వాతి పొరలు అతుకుతాయి. కలిపిన రెసిన్‌ను లోతైన డబ్బాలో ఉంచక వెడల్పాటి పళ్లెంలో పోస్తే పనిచేసే వ్యవధి పెరుగుతుంది.

కార్బన్ టూలింగ్ ప్రీప్రెగ్‌తో చేసేవారి అమరిక వేరు: ఉపరితలానికి ఒక పలుచని పొర, 650 గ్రాముల ప్రాంతపు బరువైన పొరలు ఎనిమిది, వెనుక మళ్లీ ఒక పలుచని పొర అనేది బాగా స్థిరపడిన పద్ధతి. మొదటి పొర తర్వాతా, ఆపై ప్రతి రెండు మూడు పొరలకూ వ్యాక్యూమ్ కింద ఉంచి గాలిని అణచాలి. చివర ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో వేడిచేసే ఓవెన్‌లో, 6, 7 బార్ల ఒత్తిడి దొరికితే సూదిమొన రంధ్రాలు దాదాపు లేని ముఖం వస్తుంది.

ఏడో దశ: చట్రం, విడదీత, పోస్ట్‌క్యూర్

అచ్చును ఇంకా నమూనా మీద ఉండగానే వెనుక చట్రానికి కలపాలి. గది ఉష్ణోగ్రతలో పనిచేసే గ్లాస్ అచ్చుకు ఉక్కు చట్రం సరిపోతుంది, రెండింటి వ్యాకోచం దగ్గర దగ్గరే. కార్బన్ అచ్చుకు ఉక్కు బిగిస్తే ఓవెన్‌లో చట్రమే అచ్చును వంచుతుంది. దానికి కార్బన్ పలకలతో గళ్లుగా కట్టిన చట్రమే వాడాలి. ఏ చట్రమైనా అచ్చు వీపుకు అంచులు నేరుగా ఆనించి అతికించకూడదు, లేకపోతే ఆ గీతలు ముందు ముఖం మీద తేలతాయి. కొద్ది మిల్లీమీటర్ల ఎడం వదిలి, గ్లాస్ గుడ్డ పట్టీలతో అక్కడక్కడ కట్టడం మేలు.

వేడి ఇవ్వకపోతే కనీసం రెండు మూడు రోజులు కదల్చకుండా ఉంచాలి. తర్వాత ఫ్లాంజ్ అంచులను కత్తిరించి, ప్లాస్టిక్ చీలలను చుట్టూ కొద్దికొద్దిగా దించుతూ రావాలి. ఒకే మూలలో బలం పెడితే జెల్‌కోట్ చిట్లుతుంది. పి.వి.ఎ. వాడి ఉంటే సందులో గోరువెచ్చని నీరు పోస్తే అది కరిగి దారి ఇస్తుంది. సంపీడిత గాలి పంపడానికి నమూనాలో ముందే చిన్న రంధ్రం పెట్టి టేపుతో మూసి ఉంచుకోవడం తెలివైన పని. లోహపు స్క్రూడ్రైవర్ ఈ చుట్టుపక్కల కనిపించకూడదు.

పోస్ట్‌క్యూర్‌లో తొందర అచ్చును చంపేస్తుంది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన రెసిన్ అప్పటికి కొద్దిపాటి వేడినే ఓర్చుకోగలదు. వేడి మెల్లగా పెరిగే కొద్దీ దాని గ్లాస్ ట్రాన్సిషన్ స్థాయి కూడా పెరుగుతూ పోతుంది. ఓవెన్ ఆ స్థాయిని దాటి పరుగెత్తితే అచ్చు తన బరువుకే కుంగుతుంది. గంటకు 10 డిగ్రీల చొప్పున పెంచి, రెసిన్ తయారీదారు చెప్పిన అంచెల దగ్గర ఆగి, చివరి ఉష్ణోగ్రత భాగాల క్యూర్ ఉష్ణోగ్రత కంటే పైకి వెళ్లేలా చూసుకుని, అంతే నెమ్మదిగా దించాలి. అచ్చుకు చుట్టూ సమంగా ఆధారం ఉండాలి. మొదటి పోస్ట్‌క్యూర్ తర్వాత ఉపరితలం మీద నేత ముద్ర కొద్దిగా తేలడం సహజం. 1000 నంబరు నుంచి మళ్లీ రుద్ది మెరుగు పెట్టాలి గనుక, ఆఖరి పాలిష్‌ను పోస్ట్‌క్యూర్ తర్వాతకే వదిలిపెట్టడం లాభం.

ఎనిమిదో దశ: లీకు పరీక్ష, తొలి భాగం

వ్యాక్యూమ్ బ్యాగ్ మీద వాతావరణం చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బరువుతో నొక్కుతుంది. ఆ బలమంతా అచ్చులో గాలి చొరబడే దారి లేకపోతేనే పనికొస్తుంది. మొదట పంపు, పైపులు, బ్యాగ్‌లను ఒక గాజు పలక మీద పరీక్షించి, అవి సరైనవని తేల్చుకోవాలి. ఆపైన అదే సామగ్రిని అచ్చు మీద వేసి, పూర్తి వ్యాక్యూమ్ తెచ్చి, వాల్వు మూసి మీటరు చూడాలి. 10 నిమిషాల్లో 10 మిల్లీబార్ కంటే తక్కువ పడితే ఇన్‌ఫ్యూజన్‌కు భేషుగ్గా సరిపోతుందని నేను లెక్కిస్తాను. అంతకంటే పడితే అచ్చు వీపును పలుచని ఎపాక్సీతో సీల్ చేయడం గానీ, అచ్చు మొత్తాన్నీ బ్యాగ్‌లో పెట్టి పనిచేయడం గానీ చేయాలి.

కొత్త అచ్చుకు రిలీజ్ పూతలు మామూలు కంటే ఎక్కువ వేసి, తొలి భాగాన్ని కార్బన్‌తో కాక గ్లాస్ గుడ్డతో తీయడం వివేకం. విడిపోవడంలో ఏ మూల మొండికేస్తుందో, ఏ వాలు చాలలేదో, కోణం ఎంత ముడుచుకుందో ఆ చవక ముక్కే చూపిస్తుంది. కార్బన్ భాగాలను కత్తిరించేటప్పుడు వచ్చే దుమ్ము విద్యుద్వాహకం. అచ్చుల గదిలోని పంపులు, ఓవెన్ కంట్రోలర్ల దగ్గర ఆ పని చేస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది కాబట్టి తడిగా, వేరే చోట కోయాలి.

ప్రతి అచ్చుకూ ఒక చీటీ ఉంచి, ఎన్ని భాగాలు తీశారో, రిలీజ్ ఎప్పుడు వేశారో, అత్యధికంగా ఎంత వేడికి వెళ్లిందో రాస్తూ పోవాలి. భాగం ఊడటం కష్టమవుతున్న కొద్దీ రిలీజ్ పూత అరిగిపోతున్నట్టు. అది పూర్తిగా అతుక్కునే రోజు దాకా ఆగకుండా ముందే కొత్త పూత వేయాలి. జెల్‌కోట్ పెచ్చు లేచిన చోట గరుకుగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, అదే ఎపాక్సీ జెల్‌కోట్‌ను కొంచెం ఎత్తుగా నింపి, గట్టిపడ్డాక సమంగా రుద్ది, ఆ మేర మళ్లీ రిలీజ్ పూయాలి. వాడకం లేని రోజుల్లో రెండు సగాల అచ్చును బోల్టులు బిగించి, గుంత అచ్చును బోర్లించి సమతలం మీద, ఎండ తగలని చోట ఉంచాలి. లోపల పాత భాగం ఒకటి వదిలేస్తే దుమ్ము, గీతలు రెండూ అచ్చు ముఖాన్ని చేరవు.